లక్కముద్ర వెనక అయిదు ముఖాలు

"మీకంటే దొంగలు నయం మహారాజా! దొంగ ఎత్తుకుపోయిన చీర వాడి పెళ్ళామైనా కట్టుకుంటుంది. మీ తాతగారు మా ముఖాలు ఎత్తుకొచ్చారు. మీరు పెట్టుకోరు, మమ్మల్ని పెట్టుకోనియ్యరు. పోనీ, ఒక్కసారి తలుపు తీసి అవి ఉన్నాయో పోయాయో కూడా చూడరు. దీన్ని కాపాడటం అంటారా, పాతిపెట్టడం అంటారా?"

నిండు కొలువులో సింగరి ఈ మాటలు అనేసరికి వింజామరలు వీస్తున్న దాసీల చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

మణిద్వార రాజ్యపు సభామండపం సామాన్యమైనది కాదు. పాలరాతి స్తంభాలకు బంగారు తీగెలు అల్లుకుని ఉన్నాయి. పైకప్పు నిండా ముత్యాల మేఘాలు, వాటి మధ్య పచ్చల చిలుకలు. సింహాసనం కింద నీలాలు పొదిగిన సరస్సు ఉంది, అందులో వెండిచేపలు కూడా ఉన్నాయి. ఇంత వైభవంలోనూ ఆ పొద్దుటినుంచి పనికొచ్చే మాట ఒక్కటీ పుట్టలేదు. మొదటిది ఇదే. పుట్టించినది గోగుపాడు అనే కొండపల్లెలో ముఖాల ఆట ఆడే మనిషి. కాళ్ళనిండా దుమ్ము, జుట్టులో గడ్డిపరకలు.

మకుటవర్ధన మహారాజు కుర్రవాడు, మెత్తనివాడు. "ఏ ముఖాలు?" అని అడిగాడు.

సింగరి చెప్పింది. గోగుపాడు పైన మంచుకొండ మీద గండోదరి అనే రాకాసి ఉంది. ఏనాడో కొండచరియ విరిగిపడి దాని అయిదుగురు పిల్లలు చచ్చిపోయారు. ఏళ్ళ తరబడి నిద్రపోతుంది, లేచిందంటే పిల్లల్ని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. గోగుపాడు పెద్దలు పొణికి అనే తేలిక చెక్కతో ఆ పిల్లల ముఖాలు చెక్కారు. పెద్దోడు, చెవిటోడు, నవ్వులది, మంకుది, చంటిది. రాకాసి వచ్చిన నాడు అయిదుగురు ఆ ముఖాలు పెట్టుకుని ఎదురెళ్ళి, "అమ్మా, ఆకలే" అంటారు. అది వాళ్ళకు అంబలి తాగించి, తలలు నిమిరి, ఏడ్చి, మళ్ళీ కొండెక్కి పడుకుంటుంది. మహారాజు తాతగారు వేటకు వచ్చి ఆ ఆట చూశారు. "ఆహా, ఇంత పనితనం అడివిలో పాడైపోతోంది" అన్నారు. ముఖాలు పట్టుకొచ్చి కోటలో అక్షయమందిరమనే భాండారంలో భద్రపరిచారు.

"ఆ తరవాత అది లేచింది సామీ. ముఖాలు కనబళ్ళేదు. ఊళ్ళో నిజం పిల్లల్నే అయిదుగుర్ని ఒళ్ళో వేసుకుని కొండెక్కింది. తినదు. తన పిల్లలే అనుకుని మంచులో పక్కన పడుకోబెట్టుకుంటుంది. ఎవ్వరూ తిరిగిరాలేదు. అందులో మా అక్క ఉంది. ఇప్పుడు మళ్ళీ లేచింది. నా కూతురు మల్లిని గింజల పాతరలో దాచి వచ్చాను. పాతర మూత దానికి ఒక లెక్కా?"

అప్పుడు లేచాడు భాండారాధిపతి శుష్కానందుడు. పొడుగు మనిషి, ఎండిన బెండకాయ లాంటి ముక్కు. మూడు తరాల రాజుల దగ్గర పనిచేసినా తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. ఎవరికీ అనుమానం రాలేదు. మంచి నూనె రాస్తాడనుకున్నారు.

"అమ్మాయీ, ఆ ముఖాలు పరమ క్షేమంగా ఉన్నాయి" అన్నాడు తియ్యగా.

"చూశారా?"

"చూడవలసిన అగత్యమేమి? ఎవరూ ముట్టలేదు కనుక క్షేమంగానే ఉంటాయి."

"ఊరగాయ జాడీ అయినా అప్పుడప్పుడూ మూత తీసి కలబెడతారు సామీ. లేకపోతే బూజు పడతది."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చేశారు. మహారాజు "తలుపు తీస్తే ఏమవుతుంది?" అన్నాడు.

శుష్కానందుడు రెండు చెవులూ మూసుకున్నాడు. "శివశివ! తాతముత్తాతల ముద్రలు పగలగొట్టడమా?"

సంగతి ఏమిటంటే, మణిద్వారంలో ముద్రోత్సవమని ఒకటి ఉంది. ఏటేటా రాజు అక్షయమందిరం తాళం మీద వేడి లక్క పోసి తన ఉంగరం అద్దుతాడు. కిందటి రాజు ముద్ర తీసి వేయాలంటే పెద్దలను అవమానించినట్టు. అందుకని దాని మీదే వేస్తారు. అలా వేసి వేసి లక్క ఏనుగు కుంభస్థలమంత పెరిగింది. తాళం ఎక్కడుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలిసినవాళ్ళంతా చచ్చిపోయారు. ఆ లక్కముద్దకు జనం పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, లక్కస్వామి అని పేరుపెట్టి కొబ్బరికాయలు కొట్టడం మొదలెట్టారు. దానికొక పూజారిని కూడా కుదిర్చారు. లోపల ఏముందో అడిగేవాడు మాత్రం లేడు.

"ఈ సాయంత్రమే ముద్రోత్సవం" అన్నాడు శుష్కానందుడు. "ఈ పిల్ల కూడా వచ్చి స్వామికి మొక్కుకోవచ్చు. మంచి జరుగుతుంది."

భటులు సింగరిని ఈటె పిడులతో తోసుకుంటూ వీధిలో పడేశారు.

కోట గుమ్మం బయట మేనమామ ఉబ్బన్న బొరుగులు నములుతూ కూర్చున్నాడు. పేరుకు తగ్గ పొట్ట. వయసులో ఉన్నప్పుడు గడకర్ర ఎక్కి ఆడినవాడు, ఇప్పుడు గడకర్ర ఒప్పుకోదు.

"ఏవయిందే సింగీ?"

"మొక్కుకోమన్నాడు మావా."

"ఎవరికి?"

"లక్కకి."

ఉబ్బన్న నమలడం ఆపాడు. "నేనిక్కడ ఊరికే కూచోలేదులే. కావలివాళ్ళతో బొరుగులు పంచుకున్నా. తలుపు తియ్యకుండా లోపలికి కొత్త సరుకు ఎట్టా పోతందో కనుక్కున్నా. కప్పు మీద ఒక కన్నం ఉందంట. ఊళ్ళనుంచి పట్టుకొచ్చిందల్లా దాంట్లోనుంచి పడేస్తారంట."

సింగరి కప్పు వైపు చూసింది. తరవాత తన చేతుల వైపు చూసుకుంది. "మావా, లక్కరంగు, పసుపు, దీపం మసి కావాలి. నన్ను కూడా పడేస్తారేమో చూద్దాం."

గోగుపాడు ముఖాల ఆటలో మొదట నేర్పేది నిలబడటం. కన్ను ఆర్పకుండా, రొమ్ము కదలకుండా, చీమ కుట్టినా చెక్కలాగా నిలబడాలి. సత్రం వెనక పాడుగోడ చాటున సింగరి ఒళ్ళంతా రంగు పూసుకుంది. మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర నల్లని గీతలు గీసి కీళ్ళున్న కొయ్యబొమ్మ అయిపోయింది. ఉబ్బన్న సత్రం ముందు దించిన దొర పల్లకీ మీద ఆరేసిన పట్టుతలపాగా ఎరువు తెచ్చుకుని, అడగకుండానేలెండి, కొండదొర రాయబారి అవతారమెత్తాడు. బొమ్మను భుజాన వేసుకుని మెట్లెక్కాడు. మధ్యలో రెండుసార్లు బొమ్మే వాడిని మోయాల్సినంత పనయింది.

పొద్దు వాలుతున్నా అక్షయమందిరం కప్పు మీద ఎండ పేట్రేగుతోంది. చుట్టూ రాగి శిఖరాలు, ఒక్కో శిఖరం మీద రెక్కలు విప్పిన గండభేరుండం. మధ్యలో నోరు తెరుచుకుని నల్లటి కన్నం. దాని పక్కన శుష్కానందుడే స్వయంగా నిలబడి ఉన్నాడు. వాడి నడుముకు ఒక చిన్న రాగిచెంబు వేలాడుతోంది. చెంబు మూతినుంచి సన్నని గొట్టం కన్నంలోకి దిగి ఉంది.

"మా దొరగారు పంపిన కానుక సామీ. నాట్యకత్తె బొమ్మ" అన్నాడు ఉబ్బన్న.

శుష్కానందుడు బొమ్మ చుట్టూ తిరిగాడు. గోటితో నుదురు తట్టాడు. సింగరి కదలలేదు. ఎక్కడినుంచో ఈగ వచ్చి ఆమె ముక్కు మీద వాలి తీరిగ్గా చేతులు రుద్దుకుంది. అప్పుడూ కదలలేదు.

"కళ్ళు మరీ సహజంగా ఉన్నాయే?"

"మా వడ్రంగి తాగుబోతు సామీ. తాగినప్పుడే కళ్ళు బాగా చెక్కుతాడు."

"ఊఁ. పడెయ్యండి."

"తాడు కట్టి మెల్లగా దించరా సామీ?" ఉబ్బన్న కన్నంలోకి తొంగిచూశాడు.

"దించడమెందుకు? ఇన్నేళ్ళలో పడేసినవాటిలో ఒక్కటీ ఫిర్యాదు చెయ్యలేదు."

ఇద్దరు భటులు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఊపి విసిరారు. చీకటి గిర్రున తిరిగింది. సింగరి ఏదో మెత్తని దాని మీద పడింది. అది మెత్తగా ఉండటానికి కారణం, ఒకప్పుడు అవి తివాచీలు. ఆమె పడగానే దుమ్మయిపోయాయి. చిమ్మటలు గుంపుగా లేచి మొహానికి కొట్టుకున్నాయి.

లేచి కూర్చుని కళ్ళు నులుముకుంది. కన్నంలోనుంచి జానెడు ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఆ వెలుతురులో అక్షయమందిరం కనిపించింది.

కొండంత పోగు. వీణల మీద తిరగళ్ళు, తిరగళ్ళ కింద దంతపు పల్లకీలు. నెమలి ఆకారంలో చేసిన దీపస్తంభం మెడ విరిగి ఉంది. సముద్రపు ఊళ్ళవాళ్ళ వెండిశంఖాలలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. ఏ పల్లె పెళ్ళికూతుళ్ళు వరసగా కట్టుకున్నదో, నక్షత్రాలు కుట్టిన ఒక పచ్చచీర అంచు మాత్రం మిగిలి ఉంది, చీర లేదు. చెక్క గుర్రాలకు చెదలు పట్టి కాళ్ళు లేవు. తాటాకు గొడుగులు బూజుతో తెల్లబడ్డాయి. ప్రతిదానికీ ఒక ఊరుంది, ఒక చెయ్యి ఉంది, ఒక పండగ ఉంది. పై ఊళ్ళలో జనం ఉత్త చేతులతో పండగలు చేసుకుంటున్నారు. పండగల సామానంతా ఇక్కడ ఒకదాన్నొకటి నలుపుకుంటోంది.

ఆ పోగులోనుంచి సన్నగా మూలుగు వినిపించింది. సింగరి చెవి పెట్టింది. మూలిగేది ఒక వస్తువు కాదు, అన్నీ. ప్రతిదాని ఒంటినుంచీ ఆవిరి దారంలాంటిది లేచి, గాలిలో పేనుకుని, గొట్టంలోకి పోతోంది. గొట్టం చివర ఎవరి నడుముకుందో ఆమెకు తెలుసు. మనిషి చూపు, మనిషి చెయ్యి తగలని వస్తువు ప్రాణం వదిలేస్తుంది. దాన్ని చెంబులో పట్టుకుని తాగుతున్నాడన్నమాట. అందుకే నెరవని జుట్టు. అందుకే తెరవని తలుపు.

"ఓరి నీ కడుపు కాలా! నూనె కాదురా నువ్వు రాసేది" అంది పైకే.

ఆ మాటకు పోగు కదిలింది. పోగు అడుగునుంచి మట్టి పైకి లేచింది. లేచి భుజాలయింది, చేతులయింది, కత్తి పట్టిన భటుడయింది. వాడి ఒళ్ళంతా చెదపురుగులు బుసబుసలాడుతున్నాయి. పక్కన ఇంకొకడు లేచాడు. వాడి వెనక ఇంకొకడు. శుష్కానందుడి కావలి.

సింగరి చేతికందిన గద తీసి కొట్టింది. భటుడి తల రాలింది, రాలిన మట్టి మళ్ళీ తలయింది. గద పిడి చేతిలోనే పొడిపొడి అయింది. వెనక్కి తగ్గుతూ దేనికో తట్టుకుని పడింది. ఏనుగు చెవంత కంచు అద్దం, చిలుముపట్టి పచ్చగా ఉంది. చెదలకు ఎండ గిట్టదని పసిపిల్లకు కూడా తెలుసు. ఆమె ఒంటి చెమటతో, నేలమీది ఇటుకపొడితో, పైటకొంగుతో అద్దాన్ని తోమడం మొదలుపెట్టింది. భటుడు చీలమండ పట్టుకున్నాడు. పట్టుకున్న చోట పురుగులు కొరుకుతున్నాయి. ఆమె తోముతూనే ఉంది. రాకాసి మంచుకొండ దిగుతున్న చప్పుడు ఇక్కడికే వినిపిస్తున్నట్టుంది. అరచేతి మేర కంచు తళుక్కుమంది.

అద్దాన్ని ఎండ కిందికి ఈడ్చి తిప్పింది. వెలుగు భటుడి రొమ్ము మీద పడింది. వాడు పిడికెడు మట్టయి కూలాడు. రెండోవాడు, మూడోవాడు. వెలుగు పోగు మీదికి పాకింది. అది ఏ వస్తువు మీద పడి సింగరి కంటికి అందితే, దాని ఆవిరి దారం పుటుక్కున తెగింది. వీణ ఒకటి తనంతట తానే చిన్నగా పలికింది. గోడవార ఒక బొట్టుపెట్టె మూత తెరుచుకుంది.

పైనుంచి, ఏదో శిఖరం చాటునుంచి, ఉబ్బన్న కేక. "అమ్మీ! ఏం చేస్తన్నావే లోపల? ఈడికి చెవి పక్కన జుట్టు తెల్లబడిపోతంది!"

"ఇంకా తెల్లబడతది, ఉండు మావా!"

ముఖాలు పల్లకీ కింద దొరికాయి. ఎవరో వాటిని గుండ్రాళ్ళ సంచితో పాటు పడేశారు. సింగరి ముక్కులూ చెవులూ పట్టి లాగలేదు. అడుగున రెండు చేతులూ పెట్టి, బిడ్డను ఎత్తినట్టు ఒక్కొక్కదాన్నీ ఎత్తింది. పెద్దోడికి నుదుటి రంగు రాలింది. చెవిటోడు బాగానే ఉన్నాడు. నవ్వులదాని పళ్ళు రెండు ఊడాయి, నవ్వు మాత్రం పోలేదు. మంకుది మూతి ముడుచుకునే ఉంది. చంటిదాన్ని తిప్పి చూసింది. సగం ముఖమే ఉంది. మిగతా సగం పుచ్చిపోయి, వేలు తగిలితే పిండిలా రాలుతోంది. ఎండలో పెట్టి, వేపనూనె పూసి, వసకొమ్ము పొగ వేసి చూసుకునే వస్తువు. గోగుపాడులో తరాలు తరాలు అలాగే ఉంది. కాపాడతామని తెచ్చినవాళ్ళ దగ్గర ఇలా అయింది.

మిగిలిన సగాన్ని తలగుడ్డలో చుట్టింది. అప్పుడు ఉబ్బన్న మళ్ళీ అరిచాడు. ఈసారి గొంతు వేరు.

"సింగీ! రాకాసి మనూరు పోవడంలేదే! ముఖాలకు గాలి తగిలినట్టుంది, వాసన పట్టేసింది. ఇటే వస్తంది! కొండ దిగింది... ఏరు దాటింది... ఓయమ్మో, మోకాలు కోటగోడంత ఉంది!"

సింగరి తలుపు వైపు పరిగెత్తింది. లోపలినుంచి చూస్తే మామూలు టేకు తలుపు. గడియ లేదు, గొళ్ళెం లేదు. అవతల లక్క, లక్క అవతల జనం. మంగళవాద్యాలు, పూజారి మంత్రాలు చీలికలోంచి వినిపిస్తున్నాయి. అక్కడ పడి ఉన్న ఇత్తడి ఏనుగు బొమ్మను రెండు చేతులా ఎత్తి తలుపును దబదబా బాదింది.

వాద్యాలు ఆగాయి.

"స్వామి పలికాడు!" అని ఒక ముసలమ్మ కేక వేసింది. వెంటనే గోవిందలు. కొబ్బరికాయలు పగిలిన చప్పుడు.

"ఓరి మీ భక్తి తగలెయ్య! నేను స్వామిని కాదు, సింగరిని! తలుపు తియ్యండి!"

"స్వామి ఆడగొంతుతో పలుకుతున్నాడు!" అన్నాడు పూజారి. గోవిందలు రెట్టింపయ్యాయి.

పైనుంచి శుష్కానందుడి కంఠం బొంగురుగా, ముసలిగా వినిపించింది. "ఉత్సవానికి కాచిన లక్కకాగు ఇటు తెచ్చి కన్నంలో పొయ్యండి! కన్నం మూసెయ్యండి! మందిరానికి అపచారం జరిగింది!" తరవాత ఉబ్బన్న ఎవరినో పొట్టతో గుద్దిన చప్పుడు, కాగు దొర్లిన చప్పుడు. ఎర్రటి లక్కధార ఒకటి కన్నం అంచునుంచి జారి, అద్దం పక్కన పడి చుర్రుమంది. ఎండ సగానికి తగ్గింది. పోగు అడుగున మట్టి మళ్ళీ కదలడం మొదలుపెట్టింది.

బయట గోవిందలు ఒక్కసారిగా ఏడుపులయ్యాయి. నేల అదిరింది. కోటగోడ రాళ్ళు దొర్లాయి. ఆకాశం మీదనుంచి ఒక గొంతు వచ్చింది, ఎండిన ఏట్లో గాలి వీచినట్టు. "నాయనా... చిట్టితల్లీ... ఎక్కడున్నార్రా?"

"మావా! ఏం జరుగుతోంది?" సింగరి గొంతు చించుకుంది.

"ఉత్సవానికొచ్చిన పిల్లల్ని ఏరుకుంటందే! నలుగుర్ని ఒళ్ళో వేసుకుంది! చంటిదాని కోసం వెతుకుతంది... మేడ మీద దాది చేతిలో రాజుగారి కొడుకును చూసింది... చెయ్యి చాస్తందే!"

చీలికలో సింగరికి ఒక కన్ను కనిపించింది. కాటుక పెట్టిన కన్ను, బెదిరిన కన్ను. మకుటవర్ధన మహారాజు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో ఇంకా లక్కగరిటె ఉంది.

"అమ్మాయీ... లోపల ఉన్నది నువ్వేనా? ముఖాలు... ఉన్నాయా?"

"నాలుగున్నర ఉన్నాయి. మిగతా సగం మీ తాతలు తినేశారు. దానికి నా సగం మొహం జోడిస్తాను, ఒప్పుకుంటుందో లేదో చూద్దాం."

"ఈ ముద్రలు... మా పితృదేవతల..."

మట్టిచెయ్యి సింగరి మడమను తాకింది. ఆమె తన్ని, చంటిదాని సగం ముఖాన్ని ఎడమ చెంపకు ఆనించుకుని, చీలిక దగ్గరికి నోరు పెట్టింది.

"చచ్చినోళ్ళ ఉంగరాలకు తరవాత దణ్ణం పెట్టుకో. ఆ గరిటె కిందపడెయ్యి. గొడ్డలి పట్టు. నీకు బరువైతే పక్కనున్న కొబ్బరికాయల వాళ్ళకియ్యి, వాళ్ళకు కొట్టడం అలవాటే. నాలుగు ముఖాలు పెట్టుకోడానికి సిగ్గులేని మనుషులు నలుగురు కావాలి, వాళ్ళను పిలువు. ముఖాలే కాదు, ఇందులో ఉన్న ప్రతి గిన్నె, ప్రతి గుడ్డ, ప్రతి బొమ్మ ఎండలోకి రావాలి. ఎవరి ఊరిది వాళ్ళు వచ్చి చూసుకోవాలి, చేత్తో ముట్టుకోవాలి. ముహూర్తం వద్దు, సభ వద్దు, రేపు వద్దు. నీ కొడుకు మీద దాని వేలు పడకముందే కావాలి. లక్క పగలగొట్టు మహారాజా! కొట్టు!"